కత్తెరక్క చేతి నాడి

ఆ రోజు ఆసుపత్రి వరండాలో బెంచీల నిండా జనం. మోకాళ్ల మందు కోసం నేనూ ఒక మూల కూర్చుని ఉన్నాను. బల్ల దగ్గర నర్సు వచ్చినవాళ్లకు వచ్చినట్టు బీపీ చూసి, చీటీ మీద అంకె గీకి లోపలికి పంపేస్తోంది. కత్తెరక్క వంతు వచ్చింది. కుట్టు షాపు నుంచి ఆ పని కోటుతోనే వచ్చేసింది. మూడంతస్తులు ఎక్కి వచ్చిందేమో, ఇంకా రొప్పు తగ్గలేదు. నర్సు ఆమె కోటు చేతి మీంచే పట్టీ చుట్టబోయింది.

కత్తెరక్క చెయ్యి వెనక్కి లాక్కుంది.

“అమ్మాయ్, నువ్వు కొలిచేది నా చేతినా, నా కోటునా?”

“అందరికీ ఇలాగే చూస్తున్నానమ్మా. చెయ్యి పెట్టండి. మీ వెనకాల ఎంతమంది ఉన్నారో చూడండి.”

“చూశాను. పాపం, వాళ్లవి కూడా తప్పే వచ్చుంటాయి. ముప్పై ఏళ్లుగా మనుషుల కొలతలు తీస్తున్నా. కోటు మీద టేపు పెట్టి చొక్కా కుడితే అది ఎవరికి పడుతుంది?”

“మీ పని మీకు తెలిస్తే నా పని నాకు తెలుసు.”

“తెలిస్తే మంచిదే. మరి ఆ గోడ మీద బొమ్మ ఎవరికోసం అతికించారు?”

బెంచీల మీద తలకాయలన్నీ గోడవైపు తిరిగాయి. బొమ్మలో ఒక మనిషి చొక్కా చేతిని భుజం దాకా మడిచి, వీపు ఆనించి, రెండు కాళ్లూ నేల మీద పెట్టుకుని దేవుడిలా కూర్చుని ఉన్నాడు. ఐదు నిమిషాలు విశ్రాంతి, మాట్లాడకూడదు అని కింద రాసి ఉంది. నర్సు ముఖం ఎర్రబడింది.

“ఒక పని చెయ్యి,” అంది కత్తెరక్క. “ఇప్పుడు నీ పద్ధతిలో చూడు. తర్వాత బొమ్మ పద్ధతిలో చూడు. రెండూ ఒకటే వస్తే నీకు తెల్లకోటు ఒకటి ఊరికే కుట్టి పెడతా.”

నర్సు పద్ధతిలో పై అంకె నూట అరవై ఎనిమిది వచ్చింది. కత్తెరక్క కోటు విప్పి, వీపు ఆనించి, ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంది. మళ్లీ చూస్తే నూట నలభై ఆరు. నర్సు పాత చీటీ చింపేసి కొత్తది రాసింది. బెంచీల వైపు తిరిగి, ఎవరి ముఖమూ చూడకుండా, “కోట్లూ స్వెటర్లూ విప్పేసి కూర్చోండి” అంది. ఆ వరండాలో బట్టల మీంచి పట్టీ చుట్టడం ఆ తర్వాత నేను చూడలేదు. నాతో తప్ప ఈ వీధిలో ఎవరితోనైనా గెలిచే మనిషి కత్తెరక్క. మేడ మీద బట్టల తీగ విషయంలో మా ఇద్దరి మధ్య ఏం జరిగిందో ఆమెనే అడగండి.

అయితే ఆ బీపీ డబ్బాలో మూడో అంకె ఒకటి ఉంటుంది. అది నాడి. రొప్పు తగ్గినా, కోటు విప్పినా, నోరు మూసుకున్నా అది నూట పద్దెనిమిది దగ్గరే కూర్చుంది. ఆ అంకెతో కత్తెరక్క తగువు పెట్టుకోలేకపోయింది.

ఆమె అసలు పేరు ఈపాటికి వాళ్లాయన కూడా మర్చిపోయి ఉంటాడు. ఇరవై రెండేళ్ల వయసులో ఆ కుట్టు షాపులో గుండీలు కుట్టడానికి చేరింది. కటింగ్ బల్ల అప్పట్లో మగవాళ్లది. ఆమె ఇంటికి పోయి పాత పేపర్లు పరుచుకుని, మాస్టరు చెయ్యి ఎలా తిరిగిందో గుర్తు తెచ్చుకుంటూ కోసేది. తొమ్మిదేళ్లు పేపర్లే కోసింది. ఒకరోజు మాస్టరు జ్వరంతో పడుకుంటే, అడగకుండానే బల్ల దగ్గర నిలబడి పన్నెండు చొక్కాలకు గుడ్డ కోసి పెట్టింది. ఆయన లేచి వచ్చి పై ముక్కా కింది ముక్కా కలిపి చూసి, ఏమీ అనకుండా వెళ్లి టీ తాగి వచ్చాడు. పని మానుకున్న రోజున తన పెద్ద కత్తెర ఆమె చేతిలో పెట్టాడు. మూరెడు పొడవు, నల్ల ఇనుము. దాంతో కాగితం ముక్క కోసినా చెయ్యి విరుస్తానని ఇంట్లోవాళ్లనూ షాపులోవాళ్లనూ బెదిరించి ఉంచింది. పేరు అలా వచ్చింది.

ఆ చెయ్యే వణకడం మొదలుపెట్టింది.

ముందు ఆకలి వచ్చింది. రెండు పూటల తిండి ఒక్క పూటలో తినేది, తిన్నదంతా ఎక్కడికి పోతోందో తెలియదు. తన బట్టలు తానే రెండుసార్లు నడుం దగ్గర బిగించుకుంది. అందరూ దుప్పట్లు కప్పుకుని ముడుచుకుంటుంటే ఈమె కిటికీ తెరిచి పెట్టేది. ముక్కు మీద కోపం ఎప్పుడూ ఉన్నదే గనక అది ఎక్కువైందని ఎవరికీ తోచలేదు. వేళ్ల కొసల్లో సన్నగా వణుకు వచ్చాక మోచెయ్యి బల్లకు ఆనించి కోయడం అలవాటు చేసుకుంది. ఎవరూ చూడలేదనుకుంది. చివరికి ఒకరోజు ఎనిమిది పొరల గుడ్డ మీద కాలర్లు కోస్తుంటే కత్తెర గీత దాటి లోపలికి పోయింది. ఎనిమిది కాలర్లూ పోయాయి.

షాపు యజమాని ఆమె కళ్ల ముందు పెరిగిన పిల్లాడే. ఇప్పుడు బొజ్జ వచ్చింది.

“అక్కా, పది వారాల్లో ఆసుపత్రి తెల్లకోట్ల ఆర్డర్ మొదలవుతుంది. మొత్తం మూడు వందలు. నీ చెయ్యి ఇలా ఉంటే నేనేం చెయ్యను?”

“పది వారాలుందిగా బాబూ. అప్పటికి కుదురుతుంది.”

“చెయ్యి బాగుందని డాక్టరు దగ్గర చీటీ తీసుకురా. నా ముందు ఎనిమిది పొరల మీద కోటు చంకల వంపులు కోసి చూపించు. బల్ల నీదే. లేదంటే మా బావమరిది కోస్తాడు, నువ్వు గుండీల దగ్గర కూర్చో.”

ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ గుండీలు. ఆ మాట పడిన సాయంత్రమే ఆమె ఆసుపత్రి మెట్లెక్కింది. నేను చూసిన తగువు ఆనాటిదే.

రక్తం తీసి పరీక్ష చేశారు. గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి చెయ్యాల్సినదానికంటే ఎక్కువ పని చేస్తోందని, దాంతో గుండెకు తీరిక లేకుండా పోయిందని డాక్టరు చెప్పాడు.

“జీతం లేకుండా ఓవర్‌టైమ్ చేసేది మా షాపులో నేనొక్కదాన్నే అనుకున్నా,” అంది కత్తెరక్క.

గ్రంథిని అదుపులో పెట్టడానికి ఒక మాత్ర, గుండె దడకు ఒక మాత్ర రాశాడు. రాత్రికి రాత్రి తగ్గేది కాదు, వారాలు పడుతుందన్నాడు. రోజూ పొద్దున్నే, టీ తాగకముందు, మాత్ర వేసుకోకముందు నాడీ బీపీ రెండూ చూసి రాసి ఉంచమన్నాడు.

వాళ్లాయన సరుకుల వ్యాను నడుపుతాడు. మాట తక్కువ మనిషి. ఎక్కడో వాకబు చేసి బీపీ డబ్బా ఒకటి తెచ్చి, దానితో వచ్చిన కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివాడు. ఐదు నిమిషాలు మాట్లాడకూడదు అన్న చోట వేలు పెట్టి రెండుసార్లు చదివాడట. వారం తిరక్కుండానే, “రోజుకి మూడుసార్లు చూస్తే మంచిదేమో” అన్నాడు.

“నీకు కావలసింది నా బీపీ కాదు, నా నోరు మూత,” అంది ఆమె.

పుస్తకంలో రాయడం ఆమెకు చేతకాదని కాదు, నమ్మకం లేదు. గీసి కళ్లతో చూస్తేనే ఆమెకు లెక్క. అందుకని షాపులో నమూనాలు గీసే గోధుమరంగు కాగితం బారెడు తెచ్చి తలుపు వెనక వేలాడదీసింది. అడుగున టేపు పెట్టి రోజుల గుర్తులు వేసింది. నిలువునా పది కొట్టుకోవడాలకు ఒక అంగుళం. నాడికి నీలం సుద్ద, పై బీపీకి ఎర్ర సుద్ద, కింది బీపీకి తెల్ల సుద్ద. నీలం చుక్క ఎక్కడో నెత్తి మీద మొదలైంది. దాన్ని ఎనభై దగ్గరికి దింపాలి. అక్కడ అడ్డంగా ఒక గీత గీసి, “ఇది నా బల్ల ఎత్తు” అని చెప్పింది.

డబ్బా చెప్పింది నిజమో కాదో చేత్తోనూ చూసుకోవాలని ఆమెకు పట్టుదల పుట్టింది. సెకన్ల ముల్లు ఉన్న గోడ గడియారం కింద కూర్చుని మణికట్టు పట్టుకునేది. చూపుడు వేలూ నడిమి వేలూ సూదిపోట్లకు మొద్దుబారి ఎప్పుడో రాయిలా అయిపోయాయి. వాటికి ఏమీ తెలియలేదు. బొటనవేలు పెడితే తెలిసింది. ఇంకేం, విద్య వచ్చేసింది. మర్నాడు మధ్యాహ్నం తిండి వేళ షాపులో గుండీలావిడ చెయ్యి పట్టుకుంది. నూట ఎనిమిది. ఇస్త్రీ ఆయనది నూట పది. మిషన్ల దగ్గర ఆడవాళ్లు ముగ్గురూ నూట ఐదుకు తగ్గలేదు. యజమాని బావమరిది వద్దంటున్నా పట్టుకుని చూసింది. నూట పన్నెండు.

“ఈ గుడ్డ దుమ్ములో ఏదో ఉంది,” అని తేల్చేసింది. “షాపు మొత్తానికి థైరాయిడ్ వచ్చింది.”

అందరి గుండెల్లో రైళ్లు పరిగెత్తాయి. సాయంత్రం ఆరుగురిని వెంటేసుకుని ఆసుపత్రికి నడిపించింది. నర్సు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చూసింది. డెబ్భై రెండు. ఎనభై. అరవై ఎనిమిది. అందరూ గుండ్రాళ్లలా ఉన్నారు.

“అక్కా, ఏ వేలితో చూశారు?” అని అడిగింది నర్సు.

“బొటనవేలితో.”

“బొటనవేలికి దాని నాడి దానికే ఉంటుంది. ఆరుగురి చేతులు పట్టుకుని మీరు ఆరుసార్లూ మీ నాడే లెక్కపెట్టుకున్నారు.”

వరండా అంతా నవ్వింది. నర్సు మాత్రం నవ్వు ఆపుకుని, “కోటు విషయంలో మీరు గెలిచారు, ఇది నాకు వదిలేయండి” అంది. గుండీలావిడ దారి పొడుగునా, “అక్కా, ఊరికే ఎందుకు అంటించావమ్మా నీ రోగం మాకు” అని ఏడిపిస్తూనే ఉంది. కత్తెరక్క పట్టించుకోలేదు. బయలుదేరే ముందే, ఆమె ఉంగరం వేలు కొస ఇంకా మెత్తగానే ఉందని నర్సు కనిపెట్టింది. దాన్ని బొటనవేలి కింద గాడిలో తేలిగ్గా ఆనించి, ఊపిరి బిగబట్టకుండా, నిమిషమంతా లెక్కపెట్టడం నేర్పింది. ఆమె ఆ రాత్రే వాళ్లాయన చేతి మీద అభ్యాసం చేసింది. ఆయన బతికే ఉన్నాడని నిర్ధారణ చేసుకున్నాక పడుకుంది.

మాత్రలు పని చేశాయి. నాలుగో వారానికి నీలం చుక్క నూట రెండుకు దిగింది. ఆరో వారానికి తొంభై. కిటికీ మూసుకుని పడుకుంటోంది. బిగించుకున్న బట్టల కుట్లు ఒక వరుస విప్పుకుంది. చెయ్యి చాపి దాని మీద పల్చని కాగితం పెట్టుకుని చూసేది. కాగితం ముందు ఆకులా కదిలేది, ఇప్పుడు ఊపిరి తగిలినంత మాత్రం కదులుతోంది. షాపుకి వెళ్తూ కింది వాటాలో ఉండే నా గుమ్మం ముందు ఆగి, “పెద్దమ్మా, తొంభై” అని చెప్పి వెళ్లేది. పెళ్లి కబురు చెప్పినట్టు ఉండేది ఆ చెప్పడం.

ఎనిమిదో వారంలో ఒక పొద్దున ఉంగరం వేలి కింద ఏదో తేడాగా తగిలింది. ఒకటి, రెండు, మూడు కొట్టుకుంది. నాలుగోది రాలేదు. ఆ తర్వాత రెండు కలిసి గబగబా వచ్చాయి. డబ్బా పెడితే ఎనభై ఎనిమిది చూపించింది. మళ్లీ పెడితే తొంభై ఏడు. మూడోసారి ఎనభై ఒకటి.

ఆమెకు ఆ తేడా ఏమిటో వెంటనే తెలిసింది. మిషన్ సూది కింది దారాన్ని పట్టకుండా ముందుకు పోతే కుట్టు తప్పుతుంది. పైనుంచి చూస్తే వరుస బాగానే కనిపిస్తుంది. వేలు పెట్టి నిమిరితే గానీ తెలియదు. వేసుకున్న రోజున లాగితే మొత్తం ఊడి వస్తుంది.

తెలిసీ నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడు అంకెల్లో నచ్చినదాన్ని చుక్క పెట్టింది. చుక్కలు ఎగుడుదిగుడుగా పడితే, చంక వంపు గీసే చెక్క స్కేలు తీసి నునుపుగా గీత లాగేసి, బయట మిగిలిన చుక్కలను గుడ్డతో తుడిచేసింది. ముప్పై ఏళ్ల అలవాటు. వంకర గీత కంటికి కనిపిస్తే సరిచేయకుండా వదల్లేదు. ఆ నాలుగు రోజులూ నా గుమ్మం ముందు ఆగలేదు. అప్పుడే నాకు అనుమానం తగిలింది, కానీ అడగలేదు.

ఐదో రోజు పొద్దున వరుసగా మూడు కుట్లు తప్పాయి. ఆమె మంచం అంచున కూర్చుని ఆ నునుపు గీతను చాలాసేపు చూసింది. వాళ్లాయనకు చెప్పింది. ఆయన వ్యాను తాళాలు చేతిలో తిప్పుతూ నిలబడ్డాడు.

“ఇంక పది రోజులేగా. చీటీ చేతికి వచ్చాక చెబుదువులే.”

“కుట్టు తప్పిన కోటుని ఇస్త్రీ చేసి ఇచ్చెయ్యమంటావా?”

“నేనన్నది అది కాదు. బల్ల పోతే నువ్వు తట్టుకోలేవు.”

“కత్తెర పట్టుకుని బల్ల మీద పడిపోతే నువ్వు తట్టుకుంటావా? వ్యాను తియ్యి.”

తలుపు వెనక కాగితం చుట్టి చంకలో పెట్టుకుని బయలుదేరింది. నర్సు ఆ కాగితం విప్పి చూసి, “ఇంత అందంగా ఎవరి నాడీ ఉండదక్కా” అంది.

“అందంగా గీశాను. అబద్ధం గీశాను. తుడిచిన మరకలు దగ్గరగా చూస్తే కనిపిస్తాయి. అవే నిజం చుక్కలు. ఈసీజీ తియ్యి.”

“డాక్టరు గారు చెప్పాలి కదా.”

“అయితే ఆయన్ని పిలువు. ముందు నువ్వు నీ వేలు పెట్టి చూడు.”

నర్సు నిమిషమంతా చూసింది. వెంటనే లేచి డాక్టరు కోసం లోపలికి వెళ్లింది. ఈసీజీ కాగితం మీద గీతలు ఒకదానికొకటి సమదూరంలో లేవు. గుండె లయ తప్పుతోందని, ఊరుకుని ఉంటే రక్తం గడ్డ కట్టి పక్షవాతం దాకా పోయేదని డాక్టరు చెప్పాడు. మాత్రల మోతాదు మార్చాడు, కొత్తది ఒకటి కలిపాడు. చీటీ మాట ఎత్తితే తల అడ్డంగా ఊపాడు. మూడు వారాలు నాడి కుదురుగా నడిచాకే రాస్తానన్నాడు.

ఆమె ఆసుపత్రి నుంచి సరాసరి షాపుకి వెళ్లింది. యజమాని ముందు నిలబడింది.

“బాబూ, చీటీ తేలేదు. చేతి వణుకు తగ్గింది, నాడి ఇంకా కుదరలేదు. మూడు వారాలు పడుతుంది.”

“మరి ఆర్డర్ ఆగదు కదక్కా.”

“ఆగక్కర్లేదు. గీత నేను గీస్తా, మీ బావమరిది కోస్తాడు. మూడు వారాలు కత్తెర ముట్టుకోను. ఆ తర్వాత మీరన్న పరీక్ష పెట్టండి. అందులో తప్పితే నేనే పోయి గుండీల దగ్గర కూర్చుంటా.”

“చెప్పకుండా వచ్చి కోసేసినా నాకు తెలిసేది కాదు.”

“నాకు తెలిసేది.”

యజమాని బావమరిది వైపు చూసి, సరేనన్నాడు. కత్తెరక్క మూడు వారాలు చేతులు వెనక్కి కట్టుకుని బల్ల పక్కన నిలబడింది. సెలవు చేతులకే, నోటికి కాదు. “గీత మీద కొయ్యి నాయనా, గీత పక్కన కాదు. ఆ డాక్టరుకి చెయ్యి ఎత్తే పని కూడా ఉంటుంది” అని పొద్దున్నుంచి సాయంత్రం దాకా వినిపించేది. రెండో వారానికి ఆ అబ్బాయికి నిద్రలో కూడా చంకలే కనిపించాయట. మూడో వారానికి, అక్క మళ్లీ కత్తెర ఎప్పుడు పట్టుకుంటుంది అని వాళ్ల బావనే అడిగాడట.

ఇంట్లో తలుపు వెనక కొత్త కాగితం వేలాడింది. ఈసారి గీతలు లాగలేదు, ఉత్త చుక్కలే. స్కేలు వాళ్లాయన వ్యానులో దాచింది. చుక్కలు మొదట చిందరవందరగా పడ్డాయి. తర్వాత ఒక దగ్గరికి చేరాయి. ఇరవై రెండో రోజున ఉంగరం వేలి కింద నిమిషంలో డెబ్భై ఆరు, ఒక్కటీ తప్పలేదు. బీపీ నూట ఇరవై ఎనిమిది. డాక్టరు మళ్లీ ఈసీజీ చూసి చీటీ రాశాడు. మాత్రలు మాత్రం చాలాకాలం వాడాలని, తగ్గించేటప్పుడు రోగం మళ్లీ తల ఎత్తవచ్చని, కొలవడం మానవద్దని చెప్పి పంపాడు.

షాపులో మిషన్లు ఆపి అందరూ బల్ల చుట్టూ చేరారు. ఎనిమిది పొరలు పరిచారు. ఆమె మోచెయ్యి బల్లకు ఆనించలేదు. నల్ల కత్తెర గీత మీద మొదలై, వంపు దగ్గర తొందరపడకుండా తిరిగి, అవతల తేలింది. యజమాని పై ముక్కను తీసి అడుగు ముక్క మీద పెట్టాడు. అంచుకు అంచు సరిపోయింది. ఆయన ఏమీ అనకుండా వెళ్లి టీ తాగి వచ్చాడు. వాళ్ల షాపులో అదే మెప్పు.

ఆ సాయంత్రం కత్తెరక్క మా ఇంటికి దిగి వచ్చింది. పాత తువ్వాలులో చుట్టిన ఆ కత్తెర నా బల్ల మీద పెట్టింది. గెలిచిన మనిషి ముఖం కాదు అది. లెక్క తేల్చుకోవడానికి వచ్చిన ముఖం.

“పెద్దమ్మా, రాత్రిళ్లు ఇది నీ దగ్గర ఉంటుంది. పొద్దున్నే వచ్చి చెయ్యి నీ ముందు పెడతా. ఉంగరం వేలితో నిమిషమంతా చూడు. వంద దాటినా, ఒక్క కుట్టు తప్పినా కత్తెర ఇవ్వకు. ఆసుపత్రికి పొమ్మను.”

“నీ నాడి నువ్వు చూసుకోలేవా?”

“చూసుకుంటే నునుపు చేసేస్తా. నాలుగు రోజులు చేశానుగా.”

“మీ ఆయన లేడా?”

“ఆయన ఇచ్చేస్తాడు. నా ముఖం చూసి ఇచ్చేస్తాడు. నేను ఏడుస్తా, తిడతా, మూడు వందల తెల్లకోట్లు ఆగిపోతాయంటా. ఈ వీధిలో నేను తగువులో గెలవలేనిది నీ ఒక్కదానితోనే. ఎంత తిట్టినా ఇవ్వకు.”

తువ్వాలు పక్కకు జరిపి, చేతిని మణికట్టు పైకి తిప్పి బల్ల మీద పెట్టింది. గడియారం వైపు చూసింది.

“ఇప్పుడే మొదలుపెట్టు. కానీ పెద్దమ్మా, ముందు ఐదు నిమిషాలు మనిద్దరం నోరు మూసుకుని కూర్చోవాలి.”